పందెమునకు ముందటి తూకము

సోదరీమణులారా! పోరునకు ముందే వీరులను ఎంచుట మన వాఙ్మయమునకు క్రొత్త గాదు. మహాభారతమున ఉద్యోగపర్వమందు భీష్ముడు ఉభయసేనలలోని వారిని రథులనియు, అతిరథులనియు వరుసగా లెక్కించి దుర్యోధనునకు చెప్పినాడు. ఆ లెక్కలో కర్ణుని అర్ధరథునిగా నిర్ణయించుటయు, అందుకు కర్ణుడు కినిసి పితామహుడు పడువఱకు ఆయుధము పట్టనని పలుకుటయు మీరెఱిగినదే. ఆ తూకము సరియైనదా కాదా యను తర్కమును పండితులకు విడుతము. తూచినంత మాత్రముననే సేనయొక్క బలము మాఱిపోయెనని మాత్రము మనము గుర్తింపవలెను. ఎంచుట యనగా ఊరక చూచుట గాదు. అదియు నొక చేతయే. దానికిని ఫలమున్నది.

ఈ మాట మాకిప్పుడు స్ఫురించుటకు కారణము యుద్ధము గాదు, స్త్రీల సైకిలు పందెము. నవ్వకుడు. మా పెద్దమ్మాయికి పదునాలుగేండ్లు. నాలుగు కిలోమీటర్ల దూరమునగల ఉన్నత పాఠశాలకు సైకిలుమీద పోయివచ్చును. ఆ పిల్ల మూలముననే, ఫ్రాన్సు దేశమున ఏటేట జరుగు ‘టూర్ ద ఫ్రాన్స్ ఫామ్’ అను పందెమును మేమును చూడ నేర్చితిమి. ‘ఫామ్’ అనగా ఆ భాషలో స్త్రీలు. అచ్చట సాయంకాలమగునప్పటికి మనకు రాత్రి భోజనముల వేళ యగును. మఱునాటి కూరకు చిక్కుడుకాయల ఈనెలు తీయుచు మేమొక ప్రక్కను, లెక్కల పుస్తకములు దిద్దుచు మావారొక ప్రక్కను కూర్చుండగా, నడుమ పిల్ల చేతిలోని ఫోనులో ఆల్ప్సు పర్వతములు కనబడుచుండును.

పురుషుల పందెమును 1903లో ఒక వార్తాపత్రికవారు ప్రారంభించిరి. స్త్రీలకు దారి అంత సులువుగా దొరకలేదు. 1924లో ఇటలీ దేశపు మహాపందెమున అల్ఫొన్సినా స్ట్రాడా అను వనిత పురుషులతో కలిసి పరుగిడెను. పట్టికలో ఆమె పేరు తుది యక్షరము లేక, పురుషుని పేరువలె అచ్చుపడినది! గడువు మీఱినదని లెక్కనుండి తొలగించినను, ఆమె మానక తుదివఱకు త్రొక్కి మిలాను నగరము చేరుకొనెను. ఫ్రాన్సులో స్త్రీల పందెము 1955లో ఒకమాఱు జరిగి ఆగిపోయెను. 1984 మొదలు 1989 వఱకు నడిచి మఱల నిలిచెను. తుదకు 2022 జూలై 24వ తేదీన పారిసు నగరమున ఈఫిల్ గోపురము చెంతనుండి నేటి పందెము బయలుదేరినది.

పందెపు పద్ధతి తెలిసిననేగాని తూకము తెలియదు. ఇది ఒక్కనాటి పరుగు గాదు. 2022లో ఎనిమిది మజిలీలు, 2025లో తొమ్మిది మజిలీలు. దినమునకొక ఊరినుండి మఱియొక ఊరికి పోవలెను. అన్ని దినముల కాలమును కూడి, ఎవరి మొత్తము తక్కువయో వారే విజేత. ఏ దినమునకు ఆ దినము ముందున్నవారికి పసుపుపచ్చని చొక్కా తొడుగుదురు. పురుషుల పందెమున 1919లో ఈ యాచారము వచ్చినది. పందెము నడిపిన పత్రిక పసుపు కాగితముమీద అచ్చగుటయే ఆ రంగునకు మూలము. పసుపు మనకును మంగళప్రదమే గదా! 2024లో జట్టునకు ఏడ్గురు చొప్పున ఇరువదిరెండు జట్లు పాల్గొనినవి.

పందెమునకు ముందు తెలిసినవారు ఎవరెవరినేమి చూచి ఎంచుదురనగా, మొదటిది కొండ యెక్కు శక్తి. ఎత్తున గాలి యడ్డు తక్కువ, భూమి లాగుట ఎక్కువ. కావున కాలిబలమును దేహపు బరువుతో భాగించి చూతురు. రెండవది ఒంటరిగా గడియారముతో పోరాడు నేర్పు. మూడవది గుంపులో మెలగు తెలివి. ముందువారి వెనుక దాగి పోయినచో గాలి దెబ్బ తగ్గి శక్తి మిగులును, కాని ఒకరు పడిన పదిమంది పడుదురు. నాలుగవది దిగుడు దారిలో ధైర్యము. ఐదవది జట్టు. నీరు తెచ్చి యిచ్చువారు, గాలికి అడ్డుపడువారు, వెనుకబడిన నాయికను మరల ముందుకు చేర్చువారు లేక ఏ వనితయు గెలువజాలదు. ఈ యైదవదాని విలువ ఉమ్మడి సంసారము చేసినవారికి చెప్పనక్కరలేదు.

2022లో తూచినవారి లెక్క తప్పలేదు. నెదర్లాండ్సు దేశపు అనెమీక్ వాన్ వ్లూటెన్ గెలుచునని అనేకులనిరి, ఆమెయే గెలిచెను. అప్పుడామెకు ముప్పదితొమ్మిదేండ్లు. కాని ఆ గెలుపునకు ముందు మొదటి దినములలో ఆమె కడుపు జబ్బుతో క్రుంగి, పందెము విడుచునేమో యనునంత దుఃస్థితికి వచ్చినది. అది ఏ పట్టికలోను లేదు. తేరుకొని, ఏడవ మజిలీలో వోజ్ పర్వతములందు అందఱిని విడిచి, చాల దూరము ఒంటరిగా పోయి, మూడు నిమిషములకు పైగా ముందు నిలిచెను. 2023లో ఆ దేశపుదే యగు డెమీ వోలరింగ్ 2115 మీటర్ల ఎత్తుగల తుర్మలే కనుమపై అందఱిని దాటి పసుపు చొక్కా గైకొనెను. ఆ రెండేండ్లును మూడవ స్థానమున నిలిచినది పోలెండు దేశపు కాషా నెవ్యదోమా.

ఇక 2024 సంగతి వినుడు. పందెమునకు ముందు ఎవరిని అడిగినను మొదటిపేరు వోలరింగ్‌దే. కొండలలో ఆమెకు సాటి లేరు, గడియారపు పరుగును ఆమె మూడవ మజిలీలో గెలిచి పసుపు చొక్కా తొడిగినది, జట్టు బలమైనది. నెవ్యదోమా పేరును గౌరవముతోనే చెప్పుచుండిరి, కాని గెలుపునకు గాదు. 2019 తరువాత రహదారి పందెములలో ఆమెకు గెలుపు లేదు. 2024 ఏప్రిలులో బెల్జియము దేశమున ఫ్లెష్ వాలోన్ అను పందెముతో ఆ వెలితి తీరినది. ఎల్లప్పుడును దగ్గఱకు వచ్చును, అందుకొనజాలదు అను ముద్ర యొకటి ఆమెపై పడియుండెను. ఇట్టి ముద్రలు మన యిండ్లలోను కలవు. ఒకతె తెలివైనది, ఒకతె పనిమంతురాలు, ఒకతె పాపము మంచిది!

ఐదవ మజిలీలో గమ్యము ఇంక కొలది కిలోమీటర్లున్నదనగా పలువురు పడిరి. వారిలో వోలరింగ్ ఒకతె. నొప్పితో లేచి త్రొక్కినను ఒక నిమిషము నలువదియేడు సెకండ్లు పోయినవి. అదే మజిలీని గెలిచినది ఆమె జట్టులోని బ్లాంకా వాస్ అను హంగరీ యువతి! నాయిక వెనుక రోడ్డుపై నుండగా జట్టులోని గెలుపు ముందు జరిగినది. ఆ దినమున పసుపు చొక్కా నెవ్యదోమాకు చేరెను. తుది దినమున అల్ప్ దుయెజ్ అను కొండపైకి పోవువేళకు వోలరింగ్ ఒక నిమిషము పదునైదు సెకండ్లు వెనుకబడియున్నది.

ఆ రాత్రి మా యింట ఎవరును మాటాడలేదు. గ్లాందోన్ కనుమలోనే వోలరింగ్ గుంపును విడిచి ముందుకు సాగినది. పౌలీనా రోయాకర్స్ ఒక్కతెయే ఆమె వెంట నిలిచినది. వెనుక నెవ్యదోమా నోరు తెఱచి, తల వంచి, ప్రతి వంపును లెక్కించుకొనుచు ఎక్కుచుండెను. వోలరింగ్ మొదట చేరెను. మావారు ఎఱ్ఱకలమును ప్రక్కనుంచి లెక్క కట్టిరి. నెవ్యదోమా నాలుగవదిగా, అఱువదియొక్క సెకండ్ల తరువాత వచ్చెను, మజిలీ గెలిచినందుకు వోలరింగ్‌కు పది సెకండ్ల కానుక, మొత్తము డెబ్బదియొకటి. డెబ్బదియైదులో పోగా నాలుగు. నాలుగే సెకండ్ల తేడాతో నెవ్యదోమా పందెము గెలిచినది! ఏడు దినములు, ఎనిమిది మజిలీలు త్రొక్కినపిమ్మట మిగిలిన తేడా, పాలు పొంగుచుండగా పొయ్యి ఆర్పునంత కాలము.

వోలరింగ్ శక్తిని తూచినవారు పొరబడలేదు. ఆ దినమున కొండపై ఆమెయే మేటి. కాని తూకమునకు అందినవి కాలిబలమును, గత విజయములును మాత్రమే. రెండుమార్లు మూడవదిగా నిలిచియు మూడవయేడు చిన్నబుచ్చుకొనక వచ్చుట యను దానిని ఏ కొలత కొలువగలదు? పడుట యెవరి వంతగునో, పడినపుడు చెంత ఎవరుందురో, ఎవరు చెప్పగలరు?

2025లో తూకము మఱియొక విధముగా మాఱినది. పోలీన్ ఫెరాన్ ప్రెవో అను ఫ్రెంచి వనిత 2024లో పారిసు ఒలింపిక్ క్రీడలందు కొండదారి సైకిలు పరుగున స్వర్ణపతకము గెలిచి, రహదారి పందెములకు మరలివచ్చినది. ఈ పందెమును మూడేండ్లలో గెలువవలెనని సంకల్పించి, మొదటియేడే గెలిచినది. మదలేన్ కనుమపై ఒంటరియై పసుపు చొక్కా నందుకొని, మఱునాడు షాతేల్ గ్రామమున తుది మజిలీని కూడ గెలిచినది. వోలరింగ్ రెండవది, నెవ్యదోమా మూడవది. అదే యేడు మారిషస్ ద్వీపపు కిమ్ ల కూర్ పసుపు చొక్కా తొడిగి, ఒక మజిలీని గెలిచినది. ఆఫ్రికా ఖండమునుండి ఈ పందెమున ఆ చొక్కా తొడిగిన మొదటి వనిత ఆమెయే.

అటుపిమ్మట వచ్చిన చర్చ మా యింటిలోనికి వచ్చినది. ఫెరాన్ ప్రెవో పందెము కొఱకు దేహపు బరువును తగ్గించుకొన్నట్లు దాపఱికము లేక చెప్పినది. అది ఎల్లకాలమును నిలుపుకొనదగినది గాదనియు ఆమెయే తెలిపినది. వోలరింగ్ తాను అట్లు కృశించుటకు ఇష్టపడనని బహిరంగముగనే ప్రకటించినది. కొండమీద కిలో తగ్గిన సెకండ్లు కలిసివచ్చునన్నది లెక్క. లెక్క తప్పు గాదు. కాని ఆ లెక్క వినుచున్నవారిలో పదునాలుగేండ్ల పిల్లలును కలరు.

పదిదినములు గడిచినవో లేదో, మా అమ్మాయి రాత్రి అన్నము మానినది. ‘ఆకలి లేదమ్మా’ అనెడిది. నాలుగవనాడు పెరుగన్నము కలిపి ఎదుట కూర్చుండి, ‘ఎంతకు తగ్గవలెనని యెంచితివి, తల్లీ?’ అని యడిగితిమి. పిల్ల తల వంచుకొని, ‘బడిలో అందఱును లావంటిననుచున్నారు, సైకిలు త్రొక్కువారు సన్నముగా నుండవలెను గదా’ అని కన్నీరు పెట్టుకొనెను. అంతకు ముందే బంధువులలో పెద్దలు కొందఱు, ‘ఎండలో త్రొక్కి పిల్ల నల్లబడుచున్నది, ఱేపు చూపులకు వచ్చువారేమందురు?’ అని సైకిలు మాన్పింపుమనియుండిరి. ఒకరు రంగును తూచుచున్నారు, ఒకరు బరువును తూచుచున్నారు. ఆ లేత ప్రాణము ఎన్ని త్రాసులలో నిలువగలదు?

మేము కోపింపలేదు. తెలిసిన సంగతి చెప్పితిమి. చేయు శ్రమకు తగినంత ఆహారము తినని దేహము మొదట నెలసరిని ఆపును, పిదప ఎముకలను గుల్లచేయును. దీనినొక రుగ్మతగా అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2014లోనే పేరిడి ప్రకటించిరి. ఎముక గట్టిపడవలసిన వయస్సు ఇదియే. పందెగత్తె తన వృత్తి కొఱకు, వయస్సు వచ్చినపిమ్మట, తెలిసినవారి పర్యవేక్షణలో కొలదికాలము చేయు పని యొకటి. ఎదుగు పిల్ల రహస్యముగా పస్తుండుట మఱియొకటి. మావారు పుస్తకమునుండి తల యెత్తి, ‘నేను ప్రతి యేడును పరీక్షకు ముందు, ఎవరు మొదటివారగుదురని మనస్సులో లెక్క వేయుదునమ్మా. కాని పైకి చెప్పను. చెప్పినచో వెనుకనున్నవాడు ఆనాడే చదువు మానును’ అనిరి. పిల్ల ఆ మాట విని కొంతసేపు ఊరకుండి, కంచము దగ్గఱకు లాగికొనెను. ఆ యొక్క రాత్రితో అంతయు తీఱలేదు. నెల దినములు చెంత కూర్చుండి తినిపించితిమి. సైకిలు మాత్రము మాన్పింపలేదు.

సోదరీమణులారా, మనమును తూచువారమే. కోడలిని, కూతురిని, పనికి వచ్చు పిల్లను, బడిలో మన బిడ్డ ప్రక్కన కూర్చుండు బిడ్డను తూచుచునే యుందుము. తూచుట మానుడని మేము చెప్పము. బియ్యము కొలువక వంట చేయలేము. కాని కొలతకు లొంగినదే మనిషి యనుకొనరాదు. తూచిన మాటను పిల్ల చెవిని వేయుటకు ముందు, ఆ మాట వలన ఆమె నడక వేగమగునా, కాళ్లు తడబడునా యని ఒక్కమాఱు విచారింపవలెను.

ఇప్పుడు మా అమ్మాయి పందెమునకు ముందు తన పట్టికను తానే వ్రాయును. ఎక్కువారు, దిగువారు, ఒంటరిగా పరుగిడువారు, జట్టు బలము అని గళ్లు గీసి, ఎదురెదురుగా పేర్లు నింపి, నాన్నగారికి చూపి వాదించును. తుది పంక్తిని మాత్రము ఖాళీగా విడుచును. అదెవరికని అడిగినచో, ‘మనమెంచనివారికమ్మా’ అనును.