‘షుగర్ అని రాయకండి డాక్టర్ గారూ’

పేషెంటును మంచం మీద పడుకోబెట్టి చొక్కా పైకి జరపమన్నాను. బొడ్డుకి రెండు పక్కలా చర్మం కింద మెత్తటి గడ్డలు, వాటి మీద చీమలు కుట్టినట్టు సూది గుర్తులు. ఏళ్ల తరబడి ఒకేచోట ఇన్సులిన్ పొడుచుకునేవాళ్ల పొట్ట ఇలాగే ఉంటుంది. అయిదు నిమిషాల కిందట ఆయన నా బల్ల మీద పెట్టిన ఇన్సూరెన్స్ ఫారంలో మాత్రం, డయాబెటిస్ ఉందా అన్న ప్రశ్నకు ‘లేదు’ గడిలో నీలం సిరాతో టిక్కు పడి ఉంది.

“ఎన్ని యూనిట్లు వేసుకుంటున్నారు మాస్టారూ?” అన్నాను, ఇంకేమీ అనకుండా.

“పొద్దున ఇరవై రెండు, రాత్రి పద్నాలుగు” అని టకీమని చెప్పేసి నాలుక కరుచుకున్నారు. లేచి కూర్చుని గుండీలు పెట్టుకుంటూ గొంతు తగ్గించి, “మీరు షుగర్ అని రాయకండి డాక్టర్ గారూ. సంతకం ఒక్కటీ పెట్టేయండి. వీసా రెన్యువల్ అయిపోతే మళ్లీ అయిదేళ్లు ఈ గోల ఉండదు” అన్నారు.

దుబాయ్‌లో కరామాలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ మాట మొదట్లో ఎవరూ అడిగేవారు కాదు. అప్పట్లో గల్ఫ్‌లో ఉద్యోగం ఉన్నన్నాళ్లే వీసా. అది అయిపోతే సామాను సర్దుకోవాల్సిందే. అరవై నిండినవాళ్లు నా దగ్గరకి వచ్చేది ఫైలు తీసుకుపోవడానికి, ‘విజయవాడలో మంచి గుండె డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పండి’ అని అడగడానికి. 2020 సెప్టెంబరులో దుబాయ్ రిటైర్మెంట్ వీసా ప్రకటించింది. 55 ఏళ్లు నిండాలి. నెలకి 20 వేల దిర్హాముల ఆదాయమో, 10 లక్షల దిర్హాముల పొదుపో, 20 లక్షల దిర్హాముల ఇల్లో చూపించాలన్నారు అప్పట్లో. ఇంటి విలువ షరతును తర్వాత సగానికి తగ్గించారు. వీసా అయిదేళ్లకు ఇస్తారు, గడువు తీరాక పొడిగిస్తారు. అన్నిటితోపాటు ఇక్కడ చెల్లే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి.

పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు ఇక్కడ కష్టపడినవాళ్లకి బ్యాంకు కాగితాలు చూపించడం పెద్ద పని కాలేదు. ఒంటి సంగతి కాగితం మీద పెట్టడం దగ్గరే ఇబ్బంది వచ్చింది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం కంపెనీ గ్రూప్ పాలసీ కాపాడుతుంది. 2013 నాటి 11వ నంబరు చట్టం దుబాయ్‌లో అందరికీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది. ఉద్యోగికి కట్టాల్సింది యజమానే. వెయ్యిమంది పనిచేసే చోట ఎవరికి బీపీ, ఎవరికి షుగర్ అని బీమావాళ్లు ఒక్కొక్కరినీ పిలిచి అడగరు. రిటైరై వీసా రద్దయ్యాక ఆ పాలసీ కూడా పోతుంది. మర్నాడు అదే మనిషి ఒంటరిగా వాళ్ల ముందు కూర్చుని, పేజీలకొద్దీ ప్రశ్నలకి ఉంది, లేదు అని టిక్కులు పెట్టాలి. పైగా వీసా అయిదేళ్లదే కానీ పాలసీ ఏడాదిది. మాస్టారు అనుకుంటున్నట్టు ఈ గోల అయిదేళ్లకోసారి వచ్చేది కాదు, ఏటా వచ్చేది. అరవైలో వీసా తీసుకున్నవాళ్లు ఇప్పుడు అరవై అయిదులో పడ్డారు. ప్రీమియం వయసును బట్టి ఎక్కుతుంది.

ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను. వీసా కోసం ప్రభుత్వ మెడికల్ ఫిట్‌నెస్ సెంటర్లో రక్తం, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. వాళ్లు వెతికేది టీబీ, హెచ్ఐవీ లాంటివాటిని. షుగర్ అదుపు చెప్పే హెచ్‌బీఏ1సీ పదకొండు ఉన్నవాడూ అందులో పాసే. ‘మెడికల్ పాసయ్యానండీ, నాకేం లేదట’ అని మిఠాయి పెట్టె తెచ్చిచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లలో షుగర్ పేషెంట్లే ఎక్కువ.

మాస్టారికి నేను నీతి చెప్పలేదు. మరో పేషెంటు సంగతి చెప్పాను, ఊరూ పేరూ లేకుండా.

ఆయనకి అరవై ఒకటి. సెలవులో హైదరాబాద్ వెళ్లినప్పుడు గుండెకి స్టెంట్ వేయించుకున్నారు. ఇక్కడి ఫైళ్లలో ఆ ఊసే లేదు. రిటైర్మెంట్ వీసాకి పాలసీ తీసుకుంటుంటే ఏజెంటు, ‘అక్కడెప్పుడో వేయించుకున్నది ఇక్కడెవరికి తెలుస్తుంది సార్’ అన్నాడట. ‘లేదు’ అని టిక్కు పెట్టారు. ప్రీమియం తక్కువలో వచ్చింది, వీసా వచ్చింది. ఎనిమిదో నెలలో ఒక తెల్లవారుజామున ఛాతీ నొప్పి, ఒళ్లంతా చెమటలు. యాంజియోగ్రామ్ బల్ల మీద పడుకోబెట్టి ఇంకా రంగు మందు ఎక్కించకముందే, కొట్టుకుంటున్న గుండె మీద స్టెంట్ వల సన్నగా తెర మీద కనబడింది. పాత స్టెంట్ మళ్లీ మూసుకుపోయిందని కార్డియాలజిస్టు రాశాడు. రాయక తప్పదు. బీమా సంస్థ పాత కాగితాలు అడిగింది, క్లెయిమ్ రిజెక్ట్ చేసింది. షార్జాలో ఉన్న కొడుకు రెండు క్రెడిట్ కార్డులు గీకి బిల్లు కట్టాడు.

భర్త ఇంకా ఐసీయూలో ఉండగానే ఆవిడ నా దగ్గరకి వచ్చింది. “అన్నయ్యా, ఆ స్టెంట్ మాట రిపోర్టులోంచి తీయించగలరా?” అంది. తీయించలేనమ్మా అన్నాను. తీయిస్తే రేపు మరో ఊళ్లో మరో డాక్టరు ఆ గుండెలో స్టెంట్ ఉన్న సంగతి తెలియకుండానే మందులు ఆపేస్తాడు. దుబాయ్ బేసిక్ పాలసీల్లో ముందే చెప్పిన జబ్బుకి ఖర్చు ఇవ్వని వెయిటింగ్ మొదటి ఆరు నెలలే. ఆయనకి నొప్పి వచ్చింది ఎనిమిదో నెలలో.

మాస్టారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొత్త ఫారం అడిగారు. ఈసారి నేనే పక్కన కూర్చుని ఇన్సులిన్ మొదలెట్టిన సంవత్సరంతో సహా రాయించాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. రెండేళ్లుగా ఆయన ఇన్సూరెన్స్ కార్డు మీద షుగర్ పరీక్షే చేయించుకోలేదు. ఎక్కడా రికార్డు కాకూడదని చిన్న ల్యాబులో చేతి డబ్బులు ఇచ్చి చేయించి, కాగితం చింపేసేవారట. ఇన్సులిన్ ఇండియా నుంచి వచ్చేపోయేవాళ్లతో తెప్పించుకునేవారు. కంటి పరీక్ష అసలు లేదు. పంపితే రెటీనాలో రక్తపు చుక్కలు, రెండు కళ్లకీ లేజర్ పడింది. బీమావాళ్ల దగ్గర దాచడం మొదలెట్టినవాళ్లు చివరికి డాక్టరు దగ్గరా దాస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ప్రీమియం ఎక్కువైతే డబ్బు పోతుంది, అంతే. ఆ చుక్కలు ఇంకో ఏడాది అలాగే ఉంటే పోయేది చూపు.

అలాగని నిజం చెప్పినవాళ్లందరికీ దారి దొరుకుతుందని అనను. ఒక జంట ఉండేది. ఆయనకి వయసు, పొదుపు, ఇల్లు అన్నీ సరిపోయాయి. ఆవిడకి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. భార్యను తన వీసా మీద ఉంచుకోవాలంటే ఆవిడకీ పాలసీ కట్టాలి. ఏ పాలసీకైనా ఏడాదికి ఒక పరిమితి ఉంటుంది, బేసిక్ పాలసీకి అది లక్షన్నర దిర్హాములు. వారానికి మూడుసార్లు, ఏడాదికి 156 సార్లు డయాలసిస్. దాని మీద ఇంజెక్షన్లు, మధ్యమధ్య అడ్మిషన్లు. నా ప్రిస్క్రిప్షన్ కాగితం వెనకవైపు ఇద్దరం కలిసి లెక్క వేశాం. లెక్క పూర్తి కాకముందే ఆయన పెన్ను కింద పెట్టారు. భార్యకి జబ్బు ఉంటే వీసా రాదని చట్టం ఎక్కడా అనదు. వాళ్లు మాత్రం గుంటూరు వెళ్లిపోయారు. అక్కడ ఇన్సూరెన్స్ ఉందా అంటే, ఎప్పటికీ ఇక్కడే ఉంటాం అనుకుని తీసుకోలేదు. ఇండియాలో ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు. 2024లో నాలుగు నుంచి మూడుకి తగ్గించారు, సంతోషమే. కానీ ఆ మూడేళ్ల గడియారం పాలసీ కొన్న రోజున మొదలవుతుంది, విమానం దిగిన రోజున కాదు. ఎప్పటికైనా తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి నేను ఇప్పుడు ఇదే చెబుతున్నాను. ఇక్కడి పాలసీ వీసాకి, అక్కడి పాలసీ మీకు. అక్కడిది ఒళ్లు బాగున్నప్పుడే కొనండి.

రిటైర్మెంట్ వీసా అనే మాటే చెవిన పడనివాళ్లు నా పేషెంట్లలో ఇంకా ఎక్కువ. జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఇరవై నాలుగేళ్లు కన్‌స్ట్రక్షన్ సైట్లలో పనిచేశాడు. కంపెనీ వీసా క్యాన్సిల్ చేశాక ఆఖరి కార్డు గడువు తీరేలోగా, “సార్, బీపీ గోలీలు మూడు నెలలకి రాసియ్యుండ్రి, మళ్ల ఈడికొచ్చేది లేదు” అన్నాడు. రాసిచ్చాను. ఊళ్లో ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటే నవ్వాడు. ఇన్నేళ్లు ఊళ్లో లేడని రేషన్ కార్డులోంచి పేరు ఎప్పుడో తీసేశారట. ముందు ఆ పేరు ఎక్కించుకోవాలి. ఆయన చేతిలో ఉన్నది మూడు నెలల మాత్రలు.

ఇన్నీ చెప్పి నా తప్పు ఒకటి చెప్పకపోతే అన్యాయం.

నెల్లూరు ఆయన, అకౌంటెంటు. ఒక రంజాన్ నెలలో రాత్రి పదకొండుకి వచ్చారు. రంజాన్‌లో మా క్లినిక్కులు రాత్రిళ్లే కిటకిటలాడతాయి. బిర్యానీ తిన్నాక గుండెల్లో మంట, ఎడమవైపు పట్టేసినట్టుగా ఉందన్నారు. ఈసీజీ తీద్దామనుకున్నాను. ఇక్కడ ఏ పరీక్ష చేసినా కంప్యూటర్లో జబ్బు కోడ్ కొడితేగానీ క్లెయిమ్ కదలదు. ఉట్టి ఛాతీ నొప్పికి ఆర్07తో మొదలయ్యే కోడ్. గుండె రక్తనాళాల పాత జబ్బుకి ఐ25. అంతకు ముందు చూసిన పేషెంటుకి కొట్టిన ఐ25 తెర మీద పైనే ఉంది. బయట ఇరవైమంది ఉన్నారు. దాన్నే నొక్కాను. కాగితం మీద రాసే రోజుల్లో అయితే పక్కన ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి. కోడ్‌కి ప్రశ్నార్థకం ఉండదు. ఈసీజీ బాగుంది, గ్యాస్ మాత్రలు ఇచ్చాను, ఆయనా మర్చిపోయారు, నేనూ మర్చిపోయాను.

రెండేళ్లకి రిటైరయ్యారు. కొత్త పాలసీకి వెళ్లింది కంపెనీ పాత పాలసీ ఇచ్చిన బీమా సంస్థకే. గుండె జబ్బు ఉందా అంటే ‘లేదు’ అని ఉన్నది ఉన్నట్టు టిక్కు పెట్టారు. వాళ్లు పాత క్లెయిములు తీసి, ‘రెండేళ్ల కిందటే ఉంది, ఎందుకు దాచారు?’ అని అడిగారు. ప్రీమియం దాదాపు రెట్టింపు చెప్పారు. ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, “నాకు గుండె జబ్బు ఉందని మీరు నాకెప్పుడూ చెప్పలేదేం డాక్టర్ గారూ?” అన్నారు. నిజంగానే ఉందేమో, నేను చెప్పకుండా దాచానేమో అని ఆయన భయం. ఇన్సులిన్ మాస్టారు అబద్ధం రాసి గట్టెక్కేవారే. ఈయన నిజం రాసి అబద్ధాలకోరు అయ్యారు, నా వేలు జారినందుకు.

ట్రెడ్‌మిల్ టెస్టు చేయించాను, ఏ తేడా లేదు. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. పొరపాటు నాదేనని క్లినిక్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి సంతకం పెట్టాను. లాయరు మిత్రుడు అంత స్పష్టంగా రాయొద్దన్నాడు, అయినా రాశాను. మూడు వారాలు పట్టింది. ప్రీమియం సర్దారు, వీసా వచ్చింది.

రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్లకి అప్పటినుంచి రెండు పనులు చెబుతున్నాను. ఆఖరి పని దినం కంటే ముందే, ఇన్నాళ్ల ఇన్సూరెన్స్‌కి కంటిన్యుటీ సర్టిఫికెట్ ఇప్పించమని కంపెనీని అడగండి. పాత జబ్బులకి మళ్లీ వెయిటింగ్ పెట్టకుండా ఉండటానికి అదే ఆధారం. రెండోది, మీ ఫైలు కాపీ తీసుకుని ఒక్కసారి చదవండి. మేం రాసినదాంట్లో తప్పుంటే మాతో పోట్లాడండి. ఫారం ఏజెంటు చేత నింపించకండి.

నెల్లూరు ఆయన ఇప్పటికీ నా దగ్గరకే వస్తారు. నేను కోడ్ కొట్టబోయే ముందు, “ఒకసారి తెర ఇటు తిప్పండి డాక్టర్ గారూ” అంటారు. తిప్పి చూపిస్తాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, తలూపాకే ఎంటర్ నొక్కుతాను.