సెంటరు లేని ఊరున్నదా?

నగరమును వర్ణించు ఆంగ్లపదములు మన అడవి అంచున ఎంతదూరము ప్రాకినవో చూడదలచినవారు కొత్తగూడెములో రైలు దిగవలెను. ఆ స్టేషను పేరు భద్రాచలం రోడ్డు, భద్రాచలమో అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి ఆవలి గట్టున! ఖమ్మములో మయూరి సెంటరు. భద్రాద్రిలో, 1965లో ప్రారంభమైన వారధి పుణ్యమా అని, బ్రిడ్జి సెంటరు. చర్ల వైపునుండి అడ్డాకుల మోపుతో వచ్చిన కోయ అవ్వ, ఆటోవానితో బేరమాడుచు, "బ్రిడ్జి సెంటరుకాడ దింపు బిడ్డా" అని తేటగా పలుకుచుండగా, ఆ మాటలు పరాయివని వాదించు పండితులపై నాకు జాలియే కలిగినది. (పేటయు వాడయు ఉండగా కాలనీ యెందుకని నేనును గొణుగుకొందును, అది వేరు.) 2012లో ఖమ్మము కార్పొరేషనైనది; సెంటర్లెన్ని వెలసినను భద్రాచలము మాత్రము ఆ పిమ్మటను ఏండ్లతరబడి గ్రామపంచాయతిగనే యున్నది.