సాయం... అవసరమైనంతే!

మేడ మీదికి 18 మెట్లు. రిటైరై పన్నెండేళ్లయినా రోజూ సాయంత్రం పైకెళ్లి పేపరు తిరగేయడం మాస్టారి అలవాటు. అలాంటిది ఈమధ్య పదో మెట్టు దగ్గరే ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తోంది. పొద్దుగూకేసరికి పాదాలు ఉబ్బుతున్నాయి.

'వయసండీ... ఇంకా కుర్రాడిననుకుంటున్నారా?' అన్నారు ఇంటావిడ.

పైకి అలా అన్నా లోపల ఆమెకు భయమే. రెండేళ్ల కిందట ఆయన పెరట్లో కళ్లు తిరిగి పడిపోయారు. గుండె మరీ నెమ్మదించిందని డాక్టర్లు పేస్‌మేకర్ పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడూ పడిపోలేదు. దాంతో 'బాగానే ఉన్నాను కదా' అంటూ మాస్టారు చెకప్‌లకు ఎగనామం పెట్టారు. ఇప్పుడు కూతురు పట్టుబట్టి తీసుకెళ్లింది.

ఛాతీ మీద చిన్న పరికరం ఆనించగానే పేస్‌మేకర్ జాతకమంతా కంప్యూటర్లోకి వచ్చేసింది. ఒక అంకె దగ్గర డాక్టరు ఆగిపోయారు. గుండె కింది గది 100 సార్లు కొట్టుకుంటే అందులో 98 సార్లు మిషనే కొట్టించింది!

'అంటే... నా గుండె పూర్తిగా మూలపడిందా?' మాస్టారి గొంతు వణికింది.

'పిల్లాడు లెక్క పూర్తిచేసేలోపే మీరు జవాబు చెప్పేస్తే ఏమవుతుంది మాస్టారూ?'

'వాడికి వచ్చో రాదో నాకెప్పటికీ తెలీదు.'

'మీ మిషను చేస్తున్నదీ అదే!'

గుండెను కొట్టుకోమనే విద్యుత్ సంకేతం పై గదిలో పుట్టి కింది గదులకు దిగుతుంది. మాస్టారికి లోపమల్లా సంకేతం పుట్టేచోటే. దిగే దారి బాగానే ఉంది, కాస్త నిదానమంతే. ఆ ప్రయాణానికి 0.24 సెకన్లు పడుతోంది. మిషనేమో 0.18 సెకన్లు చూసి, ఇక రాదనుకుని తానే కొట్టించేస్తోంది.

కొట్టిస్తే నష్టమేంటి? సొంత సంకేతమైతే రెండు కింది గదులకూ దాదాపు ఒకేసారి అందుతుంది. పేస్‌మేకర్ తీగ సాధారణంగా కుడి కింది గదిలో ఉంటుంది కాబట్టి, అక్కడ మొదలైన స్పందన ఎడమవైపునకు ఆలస్యంగా చేరుతుంది. జోడెద్దుల్లో ఒకటి ముందు, ఒకటి వెనక అడుగేసినట్టు! ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కొందరిలో గుండె బలహీనపడుతుంది.

ఇది ఊహ కాదు. ప్రమాదకరమైన లయను షాక్‌తో సరిచేసే పరికరం అమర్చిన 506 మందిపై జరిపిన 'డేవిడ్' అధ్యయనం 2002లో వెలువడింది. అవసరమైతేనే కింది గదిని కొట్టించేలా పెట్టినవారిలో 83.9 శాతం మంది ఏడాదిపాటు మరణం, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం రెండూ తప్పించుకున్నారు. నిమిషానికి 70 చొప్పున రెండు గదులనూ కొట్టించేలా పెట్టినవారిలో అలాంటివారు 73.3 శాతమే! మాస్టారి లాంటి 1,065 మంది పేస్‌మేకర్ రోగులపై అధ్యయనం 2007లో వచ్చింది. అనవసరంగా కొట్టించడాన్ని తగ్గిస్తే, పై గదులు లయతప్పి అలాగే ఉండిపోయే జబ్బు 12.7 నుంచి 7.9 శాతానికి తగ్గింది.

మాస్టారికి మళ్లీ ఆపరేషనేమీ చేయలేదు. సొంత సంకేతం కోసం మరికాస్త ఆగి, రాకపోతేనే కొట్టించేలా కంప్యూటర్‌తోనే మిషను అమరిక మార్చారు. ఎకో తీయించి, మందులూ సవరించారు.

అలాగని అందరికీ ఇదే మార్గం కాదు. పై నుంచి కిందికి దారి పూర్తిగా మూసుకుపోయినవారికి ప్రతి స్పందనా మిషను ఇవ్వాల్సిందే. అలాంటివారిలో కొందరికి ఇప్పుడు తీగను గుండె సొంత విద్యుత్ మార్గం దగ్గరే అమరుస్తున్నారు. ఎవరికేది తగునో తేల్చాల్సింది డాక్టరే. చెకప్‌కు వెళ్లినప్పుడు 'కింది గదిని ఎంత శాతం కొట్టిస్తోంది? అంత అవసరమా?' అని అడగడం మాత్రం మన పనే.

మూడు నెలల తర్వాత చూస్తే 98 కాస్తా 5కి దిగింది. పాదాల వాపు తగ్గింది. మాస్టారు నిదానంగానే అయినా ఆగకుండా మేడెక్కుతున్నారు.

మొన్నొక సాయంత్రం మనవడు లెక్క దగ్గర పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాడు. 'చెప్పొచ్చుగా పాపం' అన్నారు ఇంటావిడ.

'ఉండవే... ఇంకాస్త చూద్దాం' అన్నారు మాస్టారు.