ఏమీ జరగని రాత్రి

కథల్లో ఇంజన్ ఆగిపోవడానికే ఉంటుంది. బస్సు అడవిలో ఆగాలి, పడవ నడి ఏట్లో ఆగాలి, అప్పుడే మనుషులు నోరు విప్పుతారు. దాన్ని ఆగకుండా చూసుకునేవాడికి కథలో పెద్దగా చోటుండదు. ఈ సంగతి నాకు తట్టింది నాగాయలంకలో, మా పెదనాన్న రొయ్యల చెరువు గట్టు మీది జనరేటర్ షెడ్డులో.

వనామీ చెరువుకి రాత్రే గండం. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే చీకటి పడ్డాక రొయ్యలతో పాటు దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి డీవో బాగా పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు తిరగాలి. కరెంటు పోతే డీజిల్ జనరేటర్ తిరగాలి. ఆ ఇంజన్‌కి ముందువైపు ఫ్యాన్‌నీ నీళ్ళ పంపునీ తిప్పే రెండు రబ్బరు బెల్టులుంటాయి. అవి తెగితే ఇంజన్ వేడెక్కి ఆగిపోతుంది. నెలల తరబడి మేపిన పంట, దాని మీది అప్పు, వేలెడు వెడల్పున్న ఆ బెల్టుల మీదే ఉంటాయి.

మెకానిక్ వచ్చింది బెల్టు తెగి కాదు, ఒకదానికి లోపలివైపు పగుళ్ళు కనిపించి. ముందు బ్యాటరీ వైరు తీసేశాడు. కరెంటు పోగానే తనంతట తనే స్టార్టయ్యే సెట్టు అది; చెయ్యి లోపలుండగా తిరిగితే వేళ్ళు మిగలవు. చార్జింగ్ ఆల్టర్నేటర్ బోల్టులు వదులు చేసి, దాన్ని ఇంజన్ వైపు నెట్టి, బెల్టులు చేత్తోనే తీశాడు. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నితే లోపలి దారాలు తెగుతాయట, పైకి కనపడదు. తర్వాత పుల్లీ గాడి చూశాడు. వీ బెల్టుకి పట్టు పక్కల మీదే. గాడి అడుగు మెరుస్తుంటే బెల్టు కిందకి దిగి జారుతున్నట్టు.

“ఒకటి బానే ఉందిగా, ఉంచెయ్యరాదూ?” అన్నాడు పెదనాన్న.

“వద్దండీ. పాతది సాగిపోయుంటది. బరువంతా కొత్తదే లాగుద్ది. రెండూ పోతాయి.”

పనిచేస్తున్నదాన్ని ముట్టుకోవద్దన్నది మా సాఫ్ట్‌వేర్‌లో దాదాపు వేదవాక్కు. ఇక్కడ పనిచేస్తున్నదాన్నే విప్పి పక్కన పెట్టారు. కొత్త జత వేసి, మధ్యలో బొటనవేలితో నొక్కి చూశాడు. సెంటీమీటరో, ఇంకాస్తో దిగాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదిలేస్తే కీచుమంటూ జారుతుంది. అరగంట నడిపి, ఆపి, మళ్ళీ బిగించాడు. కొత్త బెల్టు గాడిలో సర్దుకుని కాస్త వదులవుతుంది కదా.

ఆ రాత్రి కరెంటు పోయింది. సెట్టు స్టార్టయింది. పెదనాన్న పక్కకి తిరిగి పడుకున్నాడు.

ఇందులో కథేముందని మీరడగొచ్చు. దివిసీమ అంటే బయటివాళ్ళకి 1977 నవంబరు 19 ఉప్పెనే. అది రాయాల్సిందే. కానీ అదే నేల మీద మనుషులు ముందుజాగ్రత్తతో ఏమీ జరగకుండా గడిపిన వేల రాత్రులు కూడా ఉన్నాయి. వాటి గురించి రాయడానికి మనకి ఇంకా ఒక పద్ధతి కుదరలేదనిపిస్తుంది.

వెళ్ళేముందు మెకానిక్ బెల్టు నంబరూ మార్చిన తేదీ షెడ్డు గోడ మీద సుద్దతో రాశాడు. ఈ పని గురించి నేను చదివిన తెలుగు వచనం ఇప్పటికి ఆ ఒక్క లైనే.