తలంటుకు ఇంకో చెయ్యి కావాలి

షాంపూ మానేయాలంటే బాత్‌రూములో సీసా తీసి పారేస్తే చాలదా, పాడేరు దాకా పోవాలా అని మా ఇంట్లో ఒకటే నవ్వులు. సీసా ఎప్పుడో తీసేశాను. దాని స్థానంలోకి వచ్చిన సూపర్ మార్కెట్ సీకాయ పొడితోనే తంటా అంతా. ప్యాకెట్ విప్పగానే తుమ్ములు. తలకు పెడితే ఇసక రుద్దినట్టు గరగర. ఎన్ని చెంబులు పోసినా పాపిట్లో మిగిలిపోయే గోధుమరంగు నలకలు. ప్యాకెట్ వెనక దినుసుల పట్టికలో ఉసిరి, మెంతి, మందార, వేప అన్నీ ఉన్నాయి. సీకాయ ఎంత కలిపారో మాత్రం లేదు. అసలు కాయ ఎలా ఉంటుంది, ఎవరు కోస్తారు, ఎక్కడ ఎండబెడతారు, ఇవన్నీ కళ్ళతో చూసొద్దామని ఫిబ్రవరిలో విశాఖ రైలెక్కాను.

మధ్యలో చోడవరంలో మా పిన్ని ఉంది కాబట్టి ధైర్యం. బస్టాండులో నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "ఏటే, ఆఫీసుకి సెలవెట్టి కుంకుడుకాయల కోసం వచ్చేవా? మీ ఐదరాబాదులో దొరకవేటి?" దొరుకుతాయి పిన్నీ, చెట్టు చూద్దామని అన్నాను. "చెట్టు చూడ్డానికి పాడేరెందుకు, మన బడి వెనకాల లేదా కుంకుడుచెట్టు? సీకాయ చెట్టు కాదు, తీగ. ముళ్ళ తీగ. అది కావాలంటే కొండెక్కాల" అని తేల్చేసి, మర్నాడు తెల్లారకముందే చేతిసంచీ పట్టుకుని నాతోపాటు బస్సెక్కింది. డెబ్భై దాటిన మనిషికి కిటికీ పక్క సీటిస్తే చాలు, ఘాట్ రోడ్డు అంటే భయమే లేదు.

మాడుగులలో బస్సు ఆగినప్పుడు హల్వా కొనకపోతే పిన్ని ఊరుకోదు. గోధుమపాలతో చేసే ఆ హల్వా పొట్లం ఒడిలో పెట్టుకుని ఘాటు ఎక్కడం మొదలుపెట్టాం. కొండలెక్కే కొద్దీ గాలి మారిపోతుంది. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. కాఫీ కోతలు అయిపోయి, చింతపండు ఇంకా పూర్తిగా రాని కాలమది. సీకాయలు, కుంకుళ్ళు సంతకు వచ్చేది సరిగ్గా అప్పుడే.

పాడేరు 2022 ఏప్రిల్ నుంచీ అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. ఆఫీసుల బోర్డులు కొత్తవి, రోడ్డు మీద జీపులు ఎక్కువయ్యాయి. సంత మాత్రం సంతే. ఊరి అమ్మవారు మోదకొండమ్మకు దణ్ణం పెట్టుకుని అటు నడిచాం. పిప్పళ్ళు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, ఎండుచేపలు, ప్లాస్టిక్ బిందెలు, ఒకచోట గొడుగులు బాగుచేసే మనిషి. ఆ చివర, నేల మీద పరిచిన పాత చీర మీద, సీకాయల కుప్ప.

ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. ప్యాకెట్ మీది బొమ్మకీ దీనికీ పోలిక లేదు. ముదురు ఎరుపులో కాస్త నలుపు కలిసిన రంగు, అరచెయ్యంత పొడుగు, గింజకీ గింజకీ మధ్య నొక్కినట్టు సన్నబడిన నడుము, తొక్కంతా ముడతలు. చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు చప్పుడు చేస్తాయి. వాసన పులుపు. విరిచి నాలికకు రాసుకుంటే మొదట పులుపు, వెంటనే చేదు. పక్కనే కుంకుళ్ళు: మూడు బుడిపెలు అతుక్కున్న కాయలు, వేళ్ళకు జిగట అంటుతుంది. లోపలి నల్లటి గింజలతో మేము చిన్నప్పుడు అచ్చనగాయలాడేవాళ్ళం. తలకు పనికొచ్చేది ఆ జిగట తొక్కే.

కుప్ప వెనక కూర్చున్న ఆవిడకు నలభై ఉంటాయి. మానికతో కొలిచి, పైన ఇంకో గుప్పెడు పోసింది. "ఇవి మీరు కూడా తలకు రుద్దుకుంటారామ్మా?" అని అడిగాను. ఆవిడ నవ్వి, ఎదుటి కొట్టు వైపు చూపించింది. అక్కడ షాంపూ ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతున్నాయి. "మాకెక్కడ కుదుర్తాదమ్మా. కొట్టాల, నానెట్టాల, మరిగించాల. అయన్నీ ఎవులు సేత్తారు? పొద్దున్నే కొండకెల్లిపోతాం. సాయంత్రం గెడ్డకాడ ఒక పేకెట్టు సింపుకుంటే అయిపోద్ది." సీకాయలు అమ్మిన డబ్బులోంచే ఆ దండలోని ప్యాకెట్లు నాలుగు చింపించుకుని కొంగున ముడేసుకుంది.

వచ్చిన దారంతా నా తలలో తిరుగుతున్న ప్రకృతి కబుర్లన్నీ ఆ కొంగుముడి దగ్గర కాస్త తడబడ్డాయి. షాంపూ మన పల్లెల్లోకి వచ్చింది సీసాల్లో కాదు, ఆ చిన్న ప్యాకెట్లలో. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన సరుకుల్ని చిన్న ప్యాకెట్లలో నింపి అమ్మడం మొదలుపెట్టారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూ తీసుకొచ్చారు. తర్వాత అది అర్ధరూపాయికే దొరికింది. అర్ధరూపాయికి ఆడమనిషికి దొరికింది నురగ ఒక్కటే కాదు, ఒక పూట. మా అమ్మకైతే వారంలో ఒక పూట మొత్తం మా అక్కచెల్లెళ్ళ తలలకే పోయేది. షాంపూని తిట్టేవాళ్ళలో ఆ పూట పని ఎన్నడూ చేయనివాళ్ళే ఎక్కువని నాకో అనుమానం.

తీగ చూస్తానంటే ఆవిడ ముందు నమ్మలేదు. పిన్ని హల్వా పొట్లం విప్పి ఒక ముక్క చేతిలో పెట్టాక, సంత ముగిసే వేళకు ఆటోలో తమ ఊరికి తీసుకెళ్ళింది. కాఫీ తోట అంచున, మద్దిచెట్టు మీదికి పాకిపోయింది తీగ. ఆకులు చింతాకులంత సన్నగా, చూడ్డానికి మెత్తగా ఉన్నాయి. చెయ్యి పెట్టేసరికి చొక్కా చేతిని పట్టేసుకుంది. ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి. లోపలికి పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. ఆవిడ నవ్వుతూ గుడ్డ విడిపించి, తన మోచేతుల కిందుగా ఉన్న గీతలు చూపించింది. కొన్ని పాతవి, తెల్లబడ్డాయి. కొన్ని ఆ వారానివే. పొడుగాటి దోటితో కొమ్మ లాగి, కాయలు రాల్చి, ఏరి, రాతి మీద ఎండబెట్టడం. లేత చిగురు పుల్లగా ఉంటుందని పప్పులో కూడా వేసుకుంటారట. నాకో నాలుగు రెబ్బలు కోసిచ్చింది.

ధర సంగతి కూడా మాట్లాడుకున్నాం. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఇలాంటి అటవీ ఫలసాయాలు నిర్ణయించిన ధరకు కొంటోంది. వాళ్ళ డిపోకు ఇస్తే తూకం కచ్చితం. సంతలో షావుకారుకు ఇస్తే డబ్బు అప్పటికప్పుడు, కానీ బేరం ఆయన చేతిలో. ఈవిడ రెండు చోట్లా ఇస్తుంది. అవసరాన్ని బట్టి. సూపర్ మార్కెట్లో నేను కొన్న పొడి ధరకూ, ఇక్కడ మానిక ధరకూ ఉన్న తేడాను లెక్కేసి పిన్నికి చెప్తే, "మరి ముళ్ళు గీసుకుంది ఈవిడ, తుమ్మింది నువ్వు. మధ్యలో డబ్బులెవుడు తిన్నాడే?" అంది.

ఆ రాత్రి చోడవరం చేరాక పని మొదలైంది. పిన్ని కుంకుళ్ళను పెరట్లో రాతి మీద పెట్టి ఒక్కొక్కటీ చితక్కొట్టి, గింజ తీసి పారేసి, తొక్కల్ని గోరువెచ్చటి నీళ్ళలో వేసింది. సీకాయలు విరిచి వేరే గిన్నెలో నానబెట్టింది. ఇనప గిన్నె తీయబోతే నా చేతి మీద కొట్టింది. సీకాయ తగిలితే ఇనుము నల్లబడుతుంది, ఆ నలుపు నీళ్ళలోకి దిగుతుంది. తెల్లారి మందారాకులు కోసి నలిపి అందులో కలిపింది. ఆకు జిగురు జుట్టుకు చిక్కు పడకుండా కాపాడుతుంది. సీసాల్లో కండిషనర్ పేరుతో కొనేది ఇలాంటి పనికే.

పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, నువ్వుల నూనె మాడుకు పట్టించింది. వేళ్ళతో కాదు, అరచేతి మొదలుతో. నూనె ముందు, కుంకుడు తర్వాత. షాంపూ వచ్చాక ఈ వరస తిరగబడింది: ముందు మొత్తం కడిగేసి, పోయిన మెత్తదనాన్ని తర్వాత వేరే సీసాలోంచి తెచ్చుకోవడం. కుంకుడులో ఉండే సపోనిన్‌కు ఒక కొస నీళ్ళను పట్టుకుంటుంది, ఒక కొస నూనెను పట్టుకుంటుంది. మురికిని లాగేసేది ఆ రెండో కొసే. షాంపూలో డిటర్జెంటు చేసేదీ ఇదే పని. కాబట్టి కుంకుడు మెత్తనిది, షాంపూ కఠినమైనదని గీత గీయడానికి లేదు. కుంకుడు రసం వాగులో కలిపి చేపల్ని మత్తెక్కించి పట్టడం పాత పద్ధతే. నూనె లేని పొడి తలకు చిక్కటి కుంకుడు రసం పోస్తే జుట్టు చీపురుకట్టే అవుతుంది. నూనె పట్టించడం ఆచారమని పెట్టింది కాదు. అదీ ఆ లెక్కలోని భాగమే.

"తల వంచు. కళ్ళు తెరిచేవంటే నీ ఇష్టం. నోట్లో ఈ ఉప్పుకల్లు ఎట్టుకో." ఉప్పుకల్లు! మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కుంకుడు రసం కంట్లో పడితే మండకుండా నాలిక మీద ఉప్పు. అదెలా పనిచేస్తుందో పిన్నికి తెలీదు, నాకూ తెలీదు. కళ్ళు మండాయి. కానీ ధ్యాసంతా నాలిక మీదికి పోవడంతో కేకలు పెట్టలేదు. పిన్ని ఒక చేత్తో చెంబుతో రసం పోస్తూ ఇంకో చేత్తో రుద్దుతోంది. చెవుల వెనక, మెడ మీద, నా చేతులకు ఎప్పుడూ అందని చోట్ల. చిన్నప్పటి నుంచీ నా తలలో ఉన్న ఒక మచ్చ దగ్గర ఆగి, "ఇది నువ్వు జాంచెట్టు మీంచి పడ్డప్పటిది కదే" అంది. నా తలలో మచ్చ ఉందనే నేను మర్చిపోయాను. షాంపూతో ఒక్కర్తినే తల రుద్దుకున్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ ముట్టలేదు.

మా అమ్మ కూడా ఇలాగే తల రుద్దుతూ మా ఒంటి మీది సంగతులన్నీ కనిపెట్టేసేది. పేలు, పుండ్లు, జ్వరం, ఏడ్చిన కళ్ళు. తప్పించుకోవడానికి ఉండేది కాదు. అందుకే కాలేజీలో చేరగానే మొదటి పనిగా షాంపూ సీసా కొనుక్కున్నాను. నా తల నాదని.

నీళ్ళు పోశాక సాంబ్రాణి. నిప్పుల మీద పొడి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచి ఆరబెట్టింది. మధ్యాహ్నం దాకా ఇంకో పని పెట్టుకోవడానికి వీల్లేదు. పప్పన్నం తిని, పిన్ని ఒడిలో తల పెట్టుకుని చిక్కు తీయించుకున్నాను. చిగురు పప్పు పుల్లగా, చింతచిగురు కన్నా కాస్త మొరటుగా, బ్రహ్మాండంగా ఉంది.

హైదరాబాదు వచ్చాక సంగతి వేరు. మా అపార్టుమెంటులో బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. కుంకుడు రసంతో ఆ గొడవ లేదు. అదొక్కటే నగరంలో దానికున్న సుఖం. మిగిలినవన్నీ కష్టాలే. పై అంతస్తులో కాయలు కొడితే కింది ఇంటివాళ్ళు ఫోన్ చేస్తారు. నానబెట్టిన రసం రెండు రోజులు దాటితే పులిసి కంపుకొడుతుంది. బాత్‌రూము తెల్ల టైల్స్ మీద మరక, జాలీలో పిప్పి. మొదటి వారాల్లో తల జిడ్డోడింది. చర్మం అలవాటు పడేదాకా అంతే, ఓపిక పట్టమన్నారు చాలామంది. నాకు తెలిసిందేమంటే నూనె తగ్గిస్తే జిడ్డూ తగ్గింది. పిన్ని చేతికి తెలిసిన కొలత నా చేతికి ఇంకా రాలేదు. డాలస్‌లో ఉన్న మా మేనకోడలు బేకింగ్ సోడాతో కడిగి, వెనిగర్ నీళ్ళు పోసుకుంటుందట. సోడా క్షారం, మాడు చర్మం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది, వద్దే అన్నాను. అక్కడి ఇండియన్ స్టోరులో కుంకుడు పొడి కొనుక్కోమన్నాను. "దాన్ని రుద్దిపెట్టేదెవరు అత్తా?" అంది. ఆ ప్రశ్నే నాదీనూ.

మా అమ్మాయిని అడిగి చూశాను. ఇంటర్ చదువుతోంది. వచ్చి మగ్గుతో రసం పోసింది, పాపం. రుద్దమంటే రెండు నిమిషాలు వేళ్ళ కొసలతో రుద్ది, ఫోన్ మోగిందని వెళ్ళిపోయింది. నీకూ రుద్దనా అంటే, "వద్దమ్మా, నా తల నేను కడుక్కోగలను" అంది. బతిమాలలేదు. ఆ వయసులో నేనన్నదీ అదే.

చివరికి ఎదురింటావిడ దొరికింది. కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోంది, కీళ్ళనొప్పులతో చేతులు తలమీదికి ఎత్తలేదు. కోడలు షాంపూ పెడుతుంది గానీ, హడావుడిగా పెడుతుందని ఆవిడ బాధ. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే మా బాత్‌రూములో ప్లాస్టిక్ స్టూలు వేసి, ముందు ఆవిడకు నేను, తర్వాత నాకు ఆవిడ. చేతులు పైకి లేవకపోయినా నేను పీట మీద కిందికి కూర్చుంటే ఆవిడకు అందుతుంది. కాయలు కొట్టేది మాత్రం టెర్రస్ మీద, వాచ్‌మన్ అనుమతితో. పాడేరు నుంచి తెచ్చినవి అడుగంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు కుంకుళ్ళు గింజ తీసినవే తెమ్మని ఆవిడ, తీయనివి తెస్తేనే నమ్మకమని నేను. ఇంకా తేలలేదు.