సాక్షిని శిక్షింపరాదు

యంత్రం మూగదని అనుకోవడం లోకంలో పరిపాటి. నిజానికి అది తన బాధను చెప్పుకొంటూనే ఉంటుంది. వినే ఓర్పు మనకు ఉండాలి. విశాఖపట్నం ఈ పాఠానికి తగిన చోటు. 1933లో ఆరంభమైన రేవు ఒకవైపు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం మరొకవైపు. ఆ నడుమ గాజువాక ఆటోనగరులో సముద్రపు ఉప్పుగాలికి చివికిన బండ్లకు ఊపిరి పోసే పనివారు ఎందరో ఉన్నారు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన నాడు గాలిని, పెట్రోలును కలిపే పని కార్బురేటరుది. ఇంజను నిలకడ తప్పితే మెకానిక్కు చెవితో విని, స్క్రూ తిప్పి సరిచేసేవాడు. 2000లో ఉద్గార నియమాలు కఠినమైన పిమ్మట చిన్న కార్లలో సైతం ఆ పని కంప్యూటరుకు సంక్రమించింది. కంప్యూటరు తానుగా దేనినీ చూడలేదు. లోనికి పోయే గాలి పీడనం, ఇంజను నీటి వేడి, వెలుపలికి పోయే పొగలోని ఆక్సిజన్ ఎంతో సెన్సర్లు చెప్పగా విని, ఎంత పెట్రోలు చిమ్మాలో తీర్పు చెబుతుంది. సెన్సర్లు సాక్షులు, కంప్యూటరు న్యాయమూర్తి.

మా ఇంటి పాత కారు ఆ తరానిదే. వారానికి రెండుమార్లు అమ్మను డయాలసిస్‌కు తీసుకుపోవడానికి మాకు అదే ఆధారం. కొంతకాలంగా ఆగిన చోటల్లా ఇంజను వణికేది. పచ్చి పెట్రోలు వాసన కొట్టేది. ఒకనాడు అమ్మను తీసుకుపోతుండగా, వెనుక ఉక్కు లోడుతో ట్రైలరు వస్తున్న వేళ, గాజువాక కూడలిలో పూర్తిగా ఆగిపోయింది. హెచ్చరిక దీపం వెలిగింది. ఒక షాపువారు పరీక్షించి, ఆక్సిజన్ సెన్సరు చెడిందని కొత్తది వేశారు. ఆ సొమ్ము మా ఇంటి నెల సరుకులకు సరిపోయేది. పది దినాలకే దీపం మరల వెలిగింది. ఈసారి కంప్యూటరునే మార్చాలన్నారు.

అంత సొమ్ము మా వద్ద లేదు. ఆటోనగరులో ఒక వృద్ధ ఉస్తాద్ వద్దకు పోయాము. ఆయన స్పార్కు ప్లగ్గులు విప్పారు. అవి మసిబారి ఉన్నాయి.

“పెట్రోలు ఎక్కువైందని సెన్సరు చెప్పింది. నిజమే చెప్పింది కదా! బేటా, గవాహ్ నిజం చెబితే వాణ్ణే జైల్లో వేస్తారా?” అన్నారు.

పిమ్మట పీడనం కొలిచే సెన్సరుకు పోయే సన్నని రబ్బరు గొట్టాన్ని ఊడదీసి, ఒక కొసను వేలితో మూసి రెండవ కొసను నోటితో పీల్చారు. గాలి సుయ్యిమన్నది. వంచి చూడగా ఎండిన చెరువులా పగుళ్లు! ఇంజను ఊరకే తిరిగే వేళ దాని లోపలి పీడనం బయటి గాలిలో సుమారు మూడవ వంతు మాత్రమే. పగుళ్ల గుండా బయటి గాలి చొరబడగా సెన్సరు పీడనం ఎక్కువని చెప్పింది. ఇంజనుపై బరువు పడిందని తలచి కంప్యూటరు పెట్రోలును అధికంగా చిమ్మింది. ఒక పూట ఫలహారమంత ఖర్చుతో కొత్త గొట్టం పడింది. కనెక్టర్లలోని పచ్చని చిలుమును కూడా ఆయన తుడిచారు. ఆనాటి నుండి కారు దారిలో ఆగలేదు.

విద్యార్థి మిత్రులారా! దీపం వెలిగినంతనే కొత్త సామాను కొనవద్దు. ముందు గొట్టాలు, పిమ్మట కనెక్టర్లు, ఎర్తు తీగ, మసిపట్టిన థ్రాటిల్ చూడండి. ఇవి చూడడానికి కావలసింది ధనం కాదు, ఓపిక. సాక్షి చెప్పినది నిజమా, నిజమైతే దానికి కారణమెవరు అని విచారించిన తరువాతనే తీర్పు చెప్పాలి. ఇళ్లలో, సంఘాలలో కూడా కీడు జరిగిందని చెప్పినవానినే దోషిగా నిలబెట్టే అలవాటు మనకున్నది. అతని నోరు మూయించినంత మాత్రాన పగులు మూసుకోదు.