పద్దెనిమిది మీటర్లు

జనవరి 5, 2025, ఆదివారం. జంగ్లీఘాట్, అండమాన్

ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది కాబట్టి నాలుగింటికే నా ఎస్టీమ్ కారు ముందు చక్రం విప్పాను. దుమ్ము తొడుగు పైకి జరిపి షాకప్ కడ్డీ మీద గోరు నడిపించాను. నున్నగా జారిపోవాల్సిన గోరు మూడుచోట్ల తట్టుకుంది. ఉప్పుగాలి క్రోమ్‌ను తినేసిన గుంటలు అవి, ఒక్కొక్కటి ఆవగింజలో సగం కూడా ఉండదు. కానీ కడ్డీ ఆడిన ప్రతిసారీ ఆ గుంట అంచు సీలును గీరుతుంది. సీలు గీరుకుంటే నూనె చెమరుస్తుంది, ఆ చెమ్మకు దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్ము మళ్ళీ సీలును కోస్తుంది. విశాఖలో ఆరేళ్ళు వచ్చే సామాను ఇక్కడ మూడేళ్ళు రావడం లేదంటే కారణం నా గోటికి తగిలింది.

మా వీధిలో షాకప్ అంటాం. పక్క షెడ్డు హిందీ మేస్త్రీ షాకర్ అంటాడు. ఇద్దరం చూపించేది ఆ గుంటల కడ్డీనే.

జనవరి 8

బండి పరుగు తీయడానికి ఈ దీవుల్లో చోటు లేదు. అండమాన్ ట్రంక్ రోడ్డు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ఉంది. జిర్కాటాంగ్ గేటు దాటాక జరావాల అడవిలో కాన్వాయ్‌గా, 40 మించకుండా, ఒకరినొకరు దాటకుండా పోవాలి. అది న్యాయమే. అడవి వాళ్ళది, మనం దారినపోయేవాళ్ళం. ఊళ్ళోని మెరైన్ డ్రైవ్ మీద రాత్రిపూట పందేలు వేసే కుర్రాళ్ళంటే నాకు కోపం. అక్కడ పిల్లలు నడుస్తారు.

నేను డ్రాగ్ పందెంలో పరుగెత్తించాలనుకునే చోటు సముద్రానికి అవతల, 1,300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్. 1990లో ఆ ట్రాక్ తెరవకముందు మద్రాసు పందేలు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే మీద జరిగేవి. నాన్న మద్రాసులో లారీ క్లీనరుగా ఉన్నప్పుడు అక్కడ గోడెక్కి చూశాడట. ఇంజన్ల మోత చెవుల్లో రెండురోజులు ఉండిపోయిందని ఇప్పటికీ చెబుతాడు.

జనవరి 11

హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోను. "అన్నా, డ్రాగ్ షాకులంటే నైంటీ-టెన్ అని ఉంటాయి, అవే కొను. అమెరికాలో అందరూ అవే వేస్తారు."

వాడి మాటలో సగం నిజం ఉంది. ఆ షాకప్ అణిగేటప్పుడు గట్టిగా నిలబడుతుంది, సాగేటప్పుడు ఇట్టే వదిలేస్తుంది. ముందు చక్రాలకు అలాంటివి వేస్తే బండి ముక్కు చటుక్కున లేస్తుంది, బరువు వెనక్కి పోతుంది. వెనక చక్రాలు లాగే బండికి కావలసింది అదే. నా ఎస్టీమ్‌ను లాగేవి ముందు చక్రాలు. ముక్కు లేస్తే నా టైర్లు గాలిలో చేతులాడించినట్టే. నాకు దానికి సరిగ్గా తిరగేసి కావాలి: ముందువి సాగేటప్పుడు బిగువుగా, వెనకవి అణిగేటప్పుడు బిగువుగా. ఫోనులో అరగంట చెప్పాను. వాడు ఒప్పుకున్నాడు.

రాత్రి లెక్క వేసుకున్నాను. బండి, నేను, పెట్రోలు కలిపి 950 కిలోలు. ఇరుసుల మధ్య 2,365 మిల్లీమీటర్లు. బరువు కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉందనుకుందాం. గురుత్వ త్వరణంలో 40 శాతంతో బయలుదేరితే ముందు చక్రాల మీంచి వెనక్కి జారే బరువు 80 కిలోలు. నా పక్కన కూర్చున్న మనిషి బయలుదేరగానే డిక్కీలోకి దూకినంత పని!

ఆ 80 కిలోలను ఏ షాకప్పూ ఆపలేదు. ఎంత ఖరీదైనదైనా సరే. అది ఎంతసేపట్లో జారాలి, జారాక బండి ఎన్నిసార్లు ఊగాలి అన్నది మాత్రమే షాకప్ చేతిలో ఉంది. ఇది అర్థమయ్యాక సగం కేటలాగులు పక్కన పెట్టేశాను.

జనవరి 13, భోగి

తెల్లవారుజామున వీధిలో పిల్లలు నా షెడ్డులోని పాత టైరు మంటలో వేయడానికి దొర్లించుకుపోతున్నారు. వెనక్కి లాక్కొచ్చాను. పొగ మంచిది కాదు, అది ఒకటి. దాని మీద అరచెయ్యి తిప్పితే చిన్న చిన్న అలలు తగిలాయి, అది ఇంకొకటి. ఎత్తు, పల్లం, ఎత్తు. షాకప్ చచ్చిపోతే చక్రం నేల మీద గంతులేస్తూ పోతుంది, పడ్డచోటల్లా రబ్బరు అరుగుతుంది. బంపరు నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టడం అందరికీ తెలిసిన పరీక్షే. నాకు మాత్రం అరిగిన టైరు మీద చెయ్యి తిప్పడమే ఎక్కువ నమ్మకం.

జనవరి 17

డాలీగంజ్ మేస్త్రీ గారి దగ్గర కూర్చున్నాను. శ్రీకాకుళం మనిషి, నలభై ఏళ్ళుగా ఇక్కడే.

"గురువుగారూ, నాలుగింటికీ కలిపి ఇరవై వేలు దాటకూడదు."

"ఇంజన్ మౌంటు రబ్బర్లు ఎప్పుడు మార్చావు బాబూ?"

"మార్చలేదండీ."

"మరి షాకప్ ఏం చేస్తుంది? ఇంజనే ఊగుతుంటే చక్రం గెంతదా? ముందు అవి. తర్వాత కింది ఆర్మ్ బుష్షులు. తర్వాత స్ట్రట్టు పైన ఉండే రబ్బరు. ఆ పైన మిగిలిన డబ్బుతో షాకప్ కొను."

మనసుకు కష్టంగా అనిపించింది, కానీ కాదనలేను. మెత్తబడిన రబ్బరు మీద కొత్త షాకప్ బిగిస్తే, బలం షాకప్ దాకా చేరకముందే రబ్బరు నలిగిపోతుంది.

జనవరి 20

పైకప్పు రేకుల కింద కూర్చుని ధరలు అడుగుతున్నాను. ఎత్తు, బిగువు రెండూ మార్చుకోగల విదేశీ సెట్టు అడిగితే, ఆ డబ్బుకు ఇంకో పాత ఎస్టీమ్ వస్తుందని తేలింది. వద్దు. ఒక గొట్టంలోనే నూనె, అధిక పీడనంలో నైట్రోజన్ ఉండే మోనో ట్యూబ్ రకం వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ నా పని కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. గంటసేపు రాళ్ళ దారిలో పోయే ర్యాలీ బండికి ఉన్న వేడి బాధ నాకు లేదు. రెండు గొట్టాలు, తక్కువ పీడనం గ్యాసు ఉన్న మామూలు రకం నాకు చాలు. నూనె నురగ కట్టకుండా ఆ కాస్త గ్యాసే చూసుకుంటుంది.

కిందటేడు ఒక దుకాణం పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ సరుకు పంపింది. కడ్డీ లోపలికి నొక్కి వదిలితే గ్యాసు షాకప్ దానంతట అదే మెల్లగా పైకి రావాలి. అది నొక్కిన చోటే కూర్చుండిపోయింది. వెనక్కి పంపాలంటే ఓడ ఖర్చు సరుకు ధరను మించింది. దీవిలో ఉన్నవాడికి మోసపోవడం రెండింతల ఖర్చు. ఈసారి గాజువాక ఆటోనగర్‌లో బావ స్వయంగా నిలబడి, నొక్కి చూసి కొంటాడు.

ఫిబ్రవరి 2

బావగారి అన్న ఇటుకల యార్డు. గేటు వేశాం, మనుషులెవరూ లేరని చూసుకున్నాం. సిమెంటు చేసిన దారి నలభై మీటర్లు ఉంది.

డ్రాగ్ పరుగు పావు మైలు, 402 మీటర్లు. అంత నేల నాకు ఇక్కడ దొరకదు. కానీ ఆ పరుగులో విడిగా కొలిచే మొదటి ముక్క 60 అడుగులు, అంటే 18 మీటర్ల పైన కొంచెం. షాకప్ చేసే మేలూ కీడూ చాలావరకు ఆ ముక్కలోనే తేలిపోతాయి. 18 మీటర్లు ఇటుకల యార్డులో ఉన్నాయి! ఇది తట్టిన రాత్రి నిద్ర పట్టలేదు.

వెనక షాకప్ కడ్డీకి సైకిల్ ట్యూబు ముక్క బిగుతుగా చుట్టాను. బండి అణిగినప్పుడు అది కడ్డీ మీద పైకి జరిగి, అక్కడే ఉండిపోతుంది. ఎంత అణిగిందో తర్వాత స్కేలు పెట్టి చూడవచ్చు. ముందు ఫెండరు పక్కన గోడ మీద సుద్దగీతలు గీశాం. మేనల్లుడు నేల మీద బోర్లా పడుకుని ఫోనులో స్లో మోషన్ తీశాడు, బండి దారికి దూరంగా, పక్కనుంచి.

వీడియోలో ముక్కు రెండు వేళ్ళ మందం లేచింది. ఎడమ టైరు నాలుగుసార్లు గెంతింది. గెంతిన ప్రతిసారీ కింద వెలుతురు సన్నగా కనబడింది. సీట్లో కూర్చున్నప్పుడు నాకు తెలిసింది చిన్న దడదడ మాత్రమే.

ఫిబ్రవరి 12

సామాను దిగింది. గోనెపట్టాలో చుట్టి పంపాడు బావ. విప్పగానే నాలుగూ ఒక్కొక్కటే నిలబెట్టి నొక్కాను. నాలుగూ మెల్లగా, ఒకే వేగంతో లేచాయి. జతలో ఒకటి తొందరగా, ఒకటి నిదానంగా లేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది.

ఫిబ్రవరి 16

మళ్ళీ యార్డు. ఇంజన్ మౌంట్లు, బుష్షులు, పై రబ్బర్లు, ముందు షాకప్పులు కొత్తవి. వెనక కొత్తవాటితో పాటు స్ప్రింగు చుట్ల సందులో రబ్బరు దిమ్మలు, టైర్లలో కాస్త ఎక్కువ గాలి.

ముక్కు ఇప్పుడూ దాదాపు అంతే లేచింది. మేనల్లుడు నిరుత్సాహపడ్డాడు. "మావయ్యా, ఏం మారలేదు" అన్నాడు. వీడియో రెండోసారి నిదానంగా చూపించాను. లేవడం మారలేదు, లేచిన తీరు మారింది. పోయినసారి ఎగిరిపడి మూడుసార్లు ఊగింది. ఈసారి తలుపు తెరుచుకున్నట్టు లేచి అక్కడే ఆగింది. టైరు ఒక్కసారి గెంతింది. వెనక ట్యూబు ముక్క పోయినసారి కంటే వేలి మందం కిందే ఆగింది.

ఫిబ్రవరి 23

మొత్తం ఖర్చు పంతొమ్మిది వేల నాలుగు వందలు, అందులో రబ్బర్ల వాటా మూడో వంతు. ముందు చక్రాలు లాగే పాత బండితో డ్రాగ్ స్ట్రిప్‌కు పోవాలనుకునే తమ్ముళ్ళు ఎవరైనా అడిగితే ఇదే వరసలో చెబుతాను: టైర్లు, మౌంట్లు, బుష్షులు, ఆ తర్వాత ఫ్యాక్టరీ రకం కొత్త షాకప్పులు. పాతవాటికి నూనె మార్చి అమ్మేవి ముందు చక్రాలకు వద్దు. గోరు తట్టుకున్న కడ్డీ ఎంత చవకైనా వద్దు.

సాయంత్రం నాలుగు కడ్డీలూ మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొత్త తొడుగులు వేశాను. చెన్నై ఓడలోకి బండి బుధవారం ఎక్కుతుంది.